తప్పుచేసిన బిడ్డకు చెరసాలయేనా?

వరంగల్లున 1886లో వెలసిన కేంద్ర కారాగారమును 2021లో పడగొట్టిరి. ఆ స్థలము వైద్యశాలకు వచ్చినది. జైలు పోయినను, తప్పుచేసినవారి నెల్ల జైలులో వేయవలెనను తలంపు మన మనస్సులనుండి పోలేదు. పొరుగింటి పిల్లవాడు సైకిలు దొంగిలించెనని చెవిని బడగానే “లోపల వేయింపవలసినదే” యను నిల్లాండ్రు మనలో లేరా?

బిడ్డకు చెరసాల తగదని ప్రభుత్వములు ఆలస్యముగనే గ్రహించినవి. చెన్నపురి రాష్ట్రమున 1920లో బాలల చట్టము పుట్టినది. మన దేశమున నట్టివానిలో నదియే మొదటిది. కృష్ణా గోదావరీ తీరముల బిడ్డలకు అది వర్తించెను గాని, నిజాము ఏలుబడిలోని ఓరుగల్లు బిడ్డలకు వర్తింపలేదు. హైదరాబాదు రాష్ట్రమునకు 1951లో గాని బాలల చట్టము రాలేదు. ఒకే భాష మాటలాడు తల్లుల బిడ్డల నడుమ 31 ఏండ్ల యెడము! దాదాపు దేశమంతటికిని ఒకే చట్టము 1986లో వచ్చినది. అందు మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏండ్లు హద్దు. 2000లో ఇరువురకును 18 చేసిరి.

ఇప్పుడమలులో నున్నది 2015 నాటి చట్టము. పిల్లవానిని పోలీసు లాకప్పున గాని జైలున గాని ఉంచరాదు; ప్రయాణకాలము గాక 24 గంటలలో బాలన్యాయ మండలి యెదుటికి తేవలెను. మండలివారు ఎత్తైన పీఠముపై కూర్చుండరాదు, అచ్చట బోనుండరాదు. జామీనుపై ఇంటికి పంపుటయే నియమము. చెడు సావాసము పాలగునన్న భయము వంటివి యున్నప్పుడే, విచారణ ముగియువఱకు పరిశీలనా గృహమున నుంతురు. అయితే 16 నిండినవాడు ఘోరనేరము చేసెనన్నచో, పెద్దవానివలె విచారించుటకై పై న్యాయస్థానమునకు పంపవచ్చును. 2012 నాటి ఢిల్లీ ఘాతుకము పిమ్మట వచ్చిన నిబంధన యిది. కోపమున వ్రాసినదని మాకు తోచును.

మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. పిల్లవాని పేరు, బడి, చిరునామా పత్రికల కెక్కరాదు. బాలునిగనే విచారింపబడినవానికి ఆ తప్పువలన ఉద్యోగాదులకు అనర్హత యంటదు. గడువు తీరినపిదప దస్త్రములను గూడ నాశనము చేయవలెను. ప్రభుత్వము మరువనెంచినదానిని మనము పెండ్లిపందిళ్లలో జ్ఞాపకము చేసికొనుచుందుము. ఆ బిడ్డ మరల బడికి వచ్చిననాడు, వాని ప్రక్కను తన కొడుకును కూర్చుండనిచ్చు తల్లి యెవరు?

మండలిలో న్యాయాధికారితో పాటు ఇద్దరు సంఘసేవకులుందురు. వారిలో నొక్కరైనను స్త్రీ కావలెను. పిల్లల ఆరోగ్యము, విద్య, సంక్షేమము వీనియందు 7 ఏండ్లు పాటుపడినవారు ఆ స్థానమునకు అర్హులు. అట్టి పని చేసిన సోదరీమణులు మన జిల్లాలోను గలరు. నియామక ప్రకటన వెలువడినపుడు, “మాకేల కచేరీ మెట్లు” అనక, వారు దరఖాస్తు పంపవలెనని మా మనవి.