ఎండ కన్నెరుగని అందగత్తెలు

పాత నలుపు తెలుపు సినిమా ఏదైనా ఒకటి గుర్తు తెచ్చుకోండి. జమీందారుగారి బంగళా. మెలికలు తిరిగిన మెట్లు. పైనుంచి హీరోయిన్ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దిగి వస్తుంది. కింద నాన్నగారు పైపు కాలుస్తూ నిలబడి ఉంటారు. హాల్లో ఉన్న వాళ్ళందరూ హీరోయిన్నే చూస్తారు. నేను మాత్రం... నవ్వకండేం... మెట్లకి అటూ ఇటూ పెట్టిన కుండీల వంక చూస్తాను! ఈకల్లాంటి ఆకులతో, విప్పిన జడలా కిందికి జారుతూ ఒక పచ్చటి మొక్క కనిపిస్తుందే, ఆ మొక్క గురించే ఈ వారం కబుర్లు. దాని పేరు ఫెర్ను.

సినిమా పత్రికలో మొక్కల గోల ఏవిటండీ అని పేజీ తిప్పేయకండి. మీలో చాలామంది ఉండేది ఎండ పొడ సోకని అద్దె గదుల్లో, ఎదురుగా ఇంకో మేడ అడ్డొచ్చిన వాటాల్లో. "మా ఇంట్లో ఏ మొక్కా బతకదండీ" అనే మాట నేను విసుగెత్తేటన్నిసార్లు విన్నాను. గులాబీ తెచ్చారు, ఎండిపోయింది. మల్లె తెచ్చారు, మొగ్గ వేయలేదు. ఇక లాభం లేదని ప్లాస్టిక్ పూలగుత్తి కొని టీవీ పక్కన పెట్టుకున్నారు. ఇందులో మీ చెయ్యి చెడ్డదేమీ కాదు. పాత్రకి తగని నటిని తీసుకున్నారు, అంతే! నీడ కోసమే పుట్టిన మొక్కలు వేరే ఉన్నాయి. పువ్వు పూయకుండానే, కేవలం ఆకుతోనే మనిషిని కట్టిపడేసే జాతి అది. పైగా సీనియారిటీ చూశారా... ఫెర్నుల వంశం ఈ భూమ్మీదికి వచ్చి 35 కోట్ల ఏళ్ళు దాటింది. అప్పటికి పువ్వన్నది లేదు, డైనోసార్లు కూడా లేవు.

ముందు వెలుతురు సంగతి తేల్చుకుందాం. నీడ అంటే చీకటి అనుకుంటారు చాలామంది. ఈ తేడా కెమేరామన్‌కి చెప్పనక్కరలేదు. సత్యజిత్ రే 'అపరాజితో' (1956) కోసం కాశీలోని ఒక ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్టు వేశారు. మన మండువా లోగిలి లాంటిదేననుకోండి. నాలుగు వైపులా గోడలు, నడి నెత్తిన మాత్రం ఆకాశం. అలాంటి చోట ఎండ సూటిగా పడదు, పైనుంచి మెత్తగా దిగుతుంది. ఆ వెలుతురు స్టూడియోలో ఎలా రావాలి? కెమేరామన్ సుబ్రత మిత్ర సెట్టు మీద తెల్లగుడ్డ పరిపించి, కింది నుంచి లైట్లు ఆ గుడ్డ మీదికి కొట్టించి, అది తిప్పి పంపిన వెలుతురులో షాట్లు తీశాడు. కత్తితో గీసినట్టుండే నీడలు మాయమై, నిజంగా లోగిట్లో నిలబడ్డట్టే వచ్చింది బొమ్మ. ఫెర్నుకి కావలసిన వెలుతురు అచ్చంగా అదే!

మీ ఇంట్లో ఆ వెలుతురు ఎక్కడుందో కనిపెట్టడానికి లైట్ మీటరు అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి కుండీ పెట్టదలచిన చోట ఒక తెల్లకాగితం పరిచి, దానికి జానెడు ఎత్తులో చెయ్యి పెట్టండి. నీడ అంచులు గీత గీసినట్టు పడ్డాయా? అక్కడ ఫెర్ను మాడిపోతుంది. నీడే పడలేదా? అక్కడ బతుకుతుంది గానీ ఎదగదు. అలుక్కుపోయినట్టు మసకగా పడిందా? వెంటనే కుండీ తెచ్చి అక్కడ పెట్టేయండి. సాధారణంగా ఇలాంటి చోటు ఉత్తరపు గోడ వారనో, మామిడి చెట్టు కిందనో, తూర్పు కిటికీకి రెండు మూడడుగుల లోపలో దొరుకుతుంది. పొద్దుటి నీరెండ పడినా ఫరవాలేదు. పడమటి బాల్కనీ అయితే మాత్రం ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాల్సిందే. తూర్పు గోదావరి జిల్లా కడియం వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, అక్కడి నర్సరీల్లో ఎకరాలకి ఎకరాలు ఈ వలల పందిళ్ళే. ఆ తోటల్లో పాటలు తీసుకుపోయిన సినిమా యూనిట్లు కూడా తక్కువేం కాదు.

ఇప్పుడు నటీమణుల పరిచయం.

మొదట ఛాన్సు ఇవ్వాల్సింది నెఫ్రోలెపిస్‌కి. నర్సరీలో బోస్టన్ ఫెర్ను అని అడిగితే ఇచ్చేస్తారు. బోస్టన్ ఫెర్ను కథ ఒక స్టార్ కథలాగే ఉంటుంది. 1894లో అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ ప్రాంతానికి పంపిన మామూలు ఫెర్ను మొక్కల్లో ఒకటి మిగతావాటిలా నిటారుగా నిలబడక, వంపు తిరిగి కిందికి జారింది. ఎక్స్‌ట్రాల గుంపులోంచి హీరోయిన్ దొరికిందన్నమాట! ఇళ్ళల్లో వేలాడే బోస్టన్ ఫెర్నులన్నీ ఆ వంశానివే. దీని చెల్లెలు నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా ఇంకా మొండిది. వేళ్ళకి గోళీకాయలంత దుంపలు వేసి వాటిలో నీళ్ళు దాచుకుంటుంది. మీరు పండక్కి ఊరెళ్ళి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా అలక పూనదు. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఈ చెల్లెలే. ఒక్కటే జాగ్రత్త, నేలలో వదిలితే పెరడంతా ఆక్రమించేస్తుంది, కుండీలోనే ఉంచండి.

రెండోది బర్డ్స్ నెస్ట్ ఫెర్ను. అరిటాకు పిల్లల్లాంటి నున్నటి ఆకులు గుండ్రంగా లేచి, మధ్యలో పిట్టగూడులా ఉంటుంది. అడవిలో చెట్ల కొమ్మల మీద కూర్చుని, రాలిన ఆకుల్ని ఆ గూట్లో పట్టుకుని, అవి కుళ్ళితే వచ్చే బలంతో బతుకుతుంది. కనుక నీళ్ళు చుట్టూ మట్టికి పొయ్యండి. నడిమి గూట్లో పోస్తే మొవ్వు కుళ్ళుతుంది.

ఇక మైడెన్‌హెయిర్. నల్లటి సన్నటి కాడలు, వాటికి చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులు. నీళ్ళు చల్లితే ఒక్క చుక్క నిలవదు, ముత్యాల్లా జారిపోతాయి. శాస్త్రీయ నామం అడియాంటమ్‌కి గ్రీకులో తడవనిది అనే అర్థం. ఇంత అందమూ ఉన్నాక గర్వం ఉండదా మరి! ఒక్క పూట మట్టి ఆరితే ఆకులన్నీ చిటపటలాడి ఎండిపోతాయి. ఏసీ గాలి పడదు, ఫ్యాను గాలి పడదు, వేడిగాలి అసలే పడదు. మొదటి పరిచయంలోనే దీనితో ప్రేమలో పడి డబ్బు తగలేసుకున్న కుర్రాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. ముందు నెఫ్రోలెపిస్‌తో ఒక వేసవి గట్టెక్కి, తర్వాత దీని జోలికి వెళ్ళండి. ఒకవేళ ఎండిపోయినా వెంటనే పారేయకండి. ఎండిన కాడలన్నీ మట్టి దాకా కత్తిరించి, తడి ఆరనివ్వకుండా నీడన ఉంచితే దుంపలోంచి మళ్ళీ కొత్త చుట్టలు లేచే అవకాశం ఉంది. ఫెర్ను కొత్త ఆకు ఫిడేలు తలలా చుట్టుకుని పుట్టి మెల్లమెల్లగా విప్పుకుంటుంది. ఆ దృశ్యం చూశారంటే ఏ స్లో మోషన్ షాటూ పనికిరాదు.

పూలగుత్తుల్లో పెట్టే, పొగమంచులా ఉండే ఆస్పరాగస్ ఫెర్ను ఉంది చూశారూ, అది ఫెర్నే కాదు. పువ్వు పూస్తుంది, కాయ కాస్తుంది. ఉత్త డూపు! అయినా పాపం బాగానే నటిస్తుంది, పెంచుకోండి.

మట్టి విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, రెండు పాళ్ళు బాగా మాగిన ఆకుల ఎరువు. ఇందులో గుప్పెడు బొగ్గుముక్కలు. నల్లరేగడి వద్దేవద్దు, ఊపిరాడదు. నీళ్ళు పోస్తే కుండీ అడుగు చిల్లులోంచి అరనిమిషంలో బయటికి రావాలి. తడి ఉండాలి, నిలవ ఉండకూడదు. బోరునీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. వాన నీళ్ళు పట్టుకోండి, లేదా ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పొయ్యండి, వాటిలో ఉప్పుండదు. మంచినీళ్ళ మిషను వదిలేసే నీళ్ళు మాత్రం పొయ్యకండి. ఉన్న ఉప్పంతా పోగయ్యేది అందులోనే.

ఇంతదాకా సాఫీగా నడిచిన కథలోకి విలన్ ఏప్రిల్‌లో ప్రవేశిస్తాడు. విశాఖ, కాకినాడ వాళ్ళకి ఉక్కపోతే గానీ గాలిలో తేమ ఉంటుంది, ఫెర్నులకి అదే ప్రాణం. హైదరాబాదు, కరీంనగరు, కర్నూలు వైపు గాలి పొడిగా కాలుతుంది. రోహిణి కార్తె నాటికి రోళ్ళు పగులుతాయంటారు, ఇక ఆకు సంగతి చెప్పాలా! ఫెర్నుకి సుఖమైన వేడి ముప్ఫై డిగ్రీల లోపు. మనకి మేలో 42, 43 మామూలు. ఏం చేద్దాం? ఒక ఉపాయం ఉంది. పెద్ద మట్టి కుండీ తీసుకుని, అందులో చిన్న మట్టి కుండీ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి, ఆ ఇసుకని పొద్దునా సాయంత్రం తడపండి. చలివేంద్రంలో ఇసుక మీద పెట్టిన కడవ ఎందుకు చల్లగా ఉంటుందో ఇదీ అందుకే చల్లగా ఉంటుంది. తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది, చుట్టూ గాలికి తేమా ఇస్తుంది. కుండీలన్నీ ఒక్కచోట గుంపుగా చేర్చండి, ఒకదాని ఊపిరి ఇంకోదానికి ఆసరా. నూతి గట్టు, నీళ్ళ తొట్టి పక్క, స్నానాల గది కిటికీ... ఈ రెండు నెలలూ వాటి మకాం అక్కడే. ఎరువు ఊసెత్తకండి. నేను ఈ పద్ధతిలో ఏటా నెట్టుకొస్తున్నాను. కొన్ని ఆకులు పోతాయి, మొక్క పోదు.

నూతి గట్టు అనగానే ఒక మాట. పాత నూతుల లోపలి గోడల్లో, సున్నం రాలిన ఇటుక సందుల్లో దువ్వెన లాంటి ఆకులతో ఒక ఫెర్ను మొలుస్తుంది, చిన్నప్పుడు మీరూ తొంగిచూసి ఉంటారు. అది ప్టెరిస్ విట్టాటా. దానికి సున్నమంటే ఇష్టం. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు బయటపెట్టేసరికి ఈ అనామకురాలు రాత్రికి రాత్రి స్టార్ అయిపోయింది. నూతులు పూడ్చేసి మేడలు కడుతున్న కొద్దీ మన ఊళ్ళల్లో ఇది కనుమరుగవుతోంది. మీ ఇంట్లో పాత నుయ్యి పూడుస్తున్నారంటే, ముందురోజే ఇటుకతో సహా ఒక మొక్క తీసి కుండీలో పెట్టుకోండి. ఇంతకంటే చవగ్గా ఫెర్ను దొరకదు.

కొండల మీద సంగతి వేరు. అనంతగిరి, అరకు దారుల్లో వానాకాలం గట్లన్నీ ఫెర్నులే. కారు ఆపి పీక్కొచ్చే సరదా చాలామందికి ఉంది. దయచేసి వద్దు. కొండ చలవకి అలవాటుపడ్డ మొక్క మైదానం వేడికి వారం తిరక్కుండా చస్తుంది, అక్కడ కొండా బోడి అవుతుంది. నర్సరీలో పెంచిన మొక్కే మన ఎండలకి కాస్త రాటుదేలి ఉంటుంది.

ఫెర్నుకి పక్క వేషాలు కూడా కావాలి కదా! కలేడియం రంగుల ఆకులు, అగ్లోనిమా, మరాంతా... ఈ మరాంతా రాత్రయితే ఆకులు నమస్కారం పెట్టినట్టు పైకి ముడుచుకుంటుంది. మన తమలపాకు తీగని మరచిపోకండి, అదీ నీడ పిల్లే. పొన్నూరు వైపు తోటల్లో అవిసె చెట్లు వేసి వాటి నీడలో పాకిస్తారు. డిఫెన్‌బాకియా అందంగానే ఉంటుంది గానీ ఇంట్లో పసిపిల్లలుంటే వద్దు. దాని ఆకు కొరికితే నాలుక వాచి మాట పెగలదు. టాకీ మనిషి కాస్తా మూకీ అయిపోతాడు!

ఇక ఈ మొక్కలు గదిలో గాలిని శుద్ధి చేస్తాయని ప్రచారం ఉంది. 1989లో నాసా వాళ్ళు మూసిన గదుల్లో చేసిన ప్రయోగం నుంచి పుట్టిన మాట అది. 2019లో ఆ లెక్కలన్నీ తిరగేస్తే, ఇంటి కిటికీలోంచి మామూలుగా వచ్చిపోయే గాలితో పోటీ పడాలంటే ఒక్కో చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అమ్మేవాడు చెప్పినా నమ్మకండి. కళ్ళకి హాయి కోసం పెంచుకోండి, చాలదూ?

చివరగా, నాకు తరచుగా వచ్చే ఫిర్యాదు: "ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు, పురుగు పట్టిందండీ!" ఆగండి, మందు కొట్టకండి. వరసలు తీరి, ముగ్గు పెట్టినట్టు సమంగా ఉంటే అవి సిద్ధబీజాల గుత్తులు, అంటే ఫెర్ను సంతానం. అడ్డదిడ్డంగా, కాడల మీద కూడా అంటుకుని, గోటితో గీకితే జిగురుగా ఊడితే అప్పుడు పొలుసు పురుగు. దూదితో తుడిచేయండి చాలు. వెనకటికి ఇంగ్లండులో ఫెర్నుకి విత్తనం కనబడదు గనక, అది దొరికినవాడు కూడా ఎవరికీ కనబడడని నమ్మేవారు. మన జానపద సినిమాల్లో మాయ అంజనం లాగా! మీరు ఆ మాయ చేసి చూడాలంటే, చుక్కలున్న ఆకు కోసి రెండురోజులు కాగితం మడతలో ఉంచండి. కాగితం మీద కాఫీపొడి లాంటిది రాలుతుంది. ఒక ఇటుకని వేడినీళ్ళలో నానబెట్టి, చల్లారాక నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, ఆ పొడి దానిమీద చల్లి, పైన గాజు గిన్నె బోర్లించండి. వానాకాలం మొదట్లో చల్లితే కొన్ని వారాలకి ఇటుక మీద పచ్చటి పొర వస్తుంది. దగ్గరగా చూస్తే అవన్నీ చిటికెన గోరుకంటే చిన్నవి, గుండె ఆకారంలో ఉన్న ఆకులు. వాటి మీద నీటి తడి ఆరకుండా చూడండి. ఆ తడిలోనే వాటి పెళ్ళి జరుగుతుంది. మొదటి చుట్ట విప్పుకోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది.