ఏనుగు చవక, అంకుశం ప్రియం

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఆడియో సరుకుల్లో ఈ సామెత ఆంప్లిఫయర్లకీ స్పీకర్లకీ మాత్రమే చెల్లుతుంది. ఇరవై ఏళ్ళ కిందటి మంచి పవర్ ఆంప్లిఫయర్‌ని ఇవాళ అమ్మకానికి పెడితే కొన్న ధరలో చెప్పుకోదగ్గ భాగం వెనక్కి వస్తుంది. దాని పక్కనే, అవే రోజుల్లో, అంతకంటే ఎక్కువ పోసి కొన్న సరౌండ్ ప్రాసెసర్‌ని అమ్మబోతే మాత్రం, "ఇందులో హెచ్‌డీఎంఐ ఉందా?" అన్న ప్రశ్నతో బేరం మొదలై అక్కడే ఆగిపోతుంది.

మా బేస్‌మెంట్లో ఉన్నది అలాంటి ప్రాసెసరే. లెక్సికాన్ ఎంసీ-12. 2000ల తొలి సంవత్సరాల్లో దాని ధర పదివేల డాలర్లకి అటూ ఇటూ. నేను నాలుగేళ్ళ కిందట, గంటన్నర దూరంలో ఉన్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఆరువందల డాలర్లకి తెచ్చుకున్నాను. అప్పట్నించీ ఇంటికొచ్చిన మిత్రులందరూ అడిగేది ఒకటే: "రోజూ కంప్యూటర్లతో బతికేవాడివి, ఇరవై ఏళ్ళ నాటి కంప్యూటర్‌ని డబ్బిచ్చి కొంటావా?" ప్రశ్న న్యాయమైనదే. ఎందుకంటే అది నిజంగా కంప్యూటరే. ఈ నెల ఆ ప్రశ్నకి కాస్త వివరంగా జవాబు చెప్పుకుందాం.

వేరు కాపురం

మనలో చాలామంది ఇళ్ళలో ఉండే ఏవీ రిసీవర్ ఉమ్మడి కుటుంబం లాంటిది. డీకోడరు, వాల్యూమ్ కంట్రోలు, ఆంప్లిఫయర్లు, రేడియో అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. హై ఎండ్‌లో వేరు కాపురం పెడతారు. స్పీకర్లని తోసే ఆంప్లిఫయర్లు ఒక పెట్టెలో ఉంటాయి, లెక్కలు చేసే ప్రాసెసర్ ఇంకో పెట్టెలో ఉంటుంది.

ఆ లెక్కలు ఏమిటి? ముందు, డిస్కు మీదున్న డాల్బీ లేదా డీటీఎస్ డేటాని విప్పి, ఏ చానల్ శబ్దం ఆ చానల్‌కి పంచాలి. చిన్న స్పీకర్లు మోయలేని లోతైన శబ్దాన్ని, మామూలుగా 80 హెర్ట్జ్ కిందది, సబ్‌వూఫర్‌కి మళ్ళించాలి. దూరాలు సరిచెయ్యాలి. శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు నడుస్తుంది, అంటే ఇంచుమించు మిల్లీసెకనుకి ఒక అడుగు. మీ సోఫాకి ముందు స్పీకర్ పన్నెండు అడుగుల దూరంలోనూ, పక్క స్పీకర్ ఐదు అడుగుల దూరంలోనూ ఉంటే, పక్కదాన్ని ఆరేడు మిల్లీసెకన్లు ఆలస్యంగా పలికించాలి. చివరికి అంకెల్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చి ఆంప్లిఫయర్‌కి అందించాలి.

శబ్దాన్ని ఆలస్యం చెయ్యడం లెక్సికాన్‌కి పుట్టుకతో వచ్చిన విద్య. 1971లో ఎంఐటీ ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ లీ మొదలుపెట్టిన ఆ కంపెనీ తొలి రోజుల్లో పేరు తెచ్చుకున్నది డిజిటల్ డిలే యంత్రంతోనే. ఆ తర్వాత రికార్డింగ్ స్టూడియోల్లో కచేరీ హాలు ప్రతిధ్వనిని సృష్టించే రెవర్బ్ యంత్రాలు వచ్చాయి. వాటి వెనకున్న డేవిడ్ గ్రీసింగర్ చదువుకున్నది భౌతికశాస్త్రం. రెండు చానళ్ళ పాటని ఏడు స్పీకర్లకి పంచే లాజిక్ 7 కూడా ఆయనదే. నేను ఆరువందలు ఇచ్చింది ముఖ్యంగా దానికే.

ధర ఎందుకు కూలింది?

డాల్బీ డిజిటల్ సినిమా హాళ్ళకి 1992లో వచ్చింది. మరుసటేడు జురాసిక్ పార్క్‌తో డీటీఎస్ వచ్చింది. 1997లో అమెరికాలో డీవీడీ అమ్మకాలు మొదలయ్యాయి. డీవీడీ ప్లేయర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఒకే ఒక్క ఆప్టికల్ తీగ చాలు. 5.1 చానళ్ళూ అందులోనే పోతాయి. ఇండియన్ స్టోర్లో తెలుగు సినిమా డీవీడీలు అద్దెకి తెచ్చుకున్న రోజుల్లో మనందరి ఇళ్ళలోనూ నడిచిన పద్ధతి అదే. ఎంసీ-12 లాంటివి ఆ లోకానికి చక్రవర్తులు.

2006లో బ్లూ-రే వచ్చింది. దానితో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వచ్చాయి. స్టూడియోలో ఉన్న శబ్దంలో ఒక్క బిట్టు కూడా పోగొట్టని ఫార్మాట్లు ఇవి. కానీ ఆప్టికల్ తీగకి అంత మోసే శక్తి లేదు. అదే ఏడాది వచ్చిన హెచ్‌డీఎంఐ 1.3 కావలసి వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. 2013లో 4కే కోసం హెచ్‌డీఎంఐ 2.0, దాని వెంట హెచ్‌డీసీపీ 2.2 అనే కొత్త తాళం. 2014లో ఇళ్ళలోకి డాల్బీ ఆట్మాస్. 2017లో హెచ్‌డీఎంఐ 2.1. ఎదిగే పిల్లాడికి చెప్పులు మార్చినట్టు మూడు నాలుగేళ్ళకోసారి వెనక ప్యానెల్ మార్చాల్సి వచ్చింది. కొందరు తయారీదార్లు కొత్త బోర్డులు తయారుచేసి అమ్మారు కూడా. కానీ ఒక్కో బోర్డు ధరకి కొత్త రిసీవరే వచ్చేది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అంటే ఇదే.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ ఇరవై ఏళ్ళలో పాతబడింది లోపలికి వచ్చే ద్వారం మాత్రమే. లోపలున్న పవర్ సప్లై పాతబడలేదు. 24 బిట్ల కన్వర్టర్లు పాతబడలేదు. లాజిక్ 7 గణితం పాతబడలేదు. మనిషి చెవి అసలే మారలేదు.

మన వృత్తిలో ఇది రోజూ చూసే సంగతే. నేను పని చేసిన ఒక ఇన్సూరెన్స్ క్లయింటు దగ్గర ప్రీమియం లెక్కలు కట్టే కోబాల్ ప్రోగ్రాం నా కంటే వయసులో పెద్దది. పైసా తేడా లేకుండా లెక్క చెప్తుంది. దానికి కొత్త భాష రాదు, అంతే. మేం చేసిందల్లా దాని ముందు ఒక దుబాసీని కూర్చోబెట్టడం. మరో మాట కూడా చెప్పాలి. ఈ మధ్య లేఆఫ్‌ల కాలంలో నలభైకి దగ్గరపడ్డ మిత్రులు ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చి చెప్పే కబుర్లు వింటుంటే, "ఇందులో హెచ్‌డీఎంఐ ఉందా?" అన్న ప్రశ్నే వినిపిస్తుంది నాకు. డేటాబేస్ ఎందుకు నత్తనడక నడుస్తోందో పది నిమిషాల్లో పట్టుకోగల మనిషిని, నిరుడు వచ్చిన ఫ్రేమ్‌వర్క్ తెలుసా అని అడిగి పంపించేస్తారు. అడాప్టర్ కొనుక్కోవడం సులువు, లోపలి సరుకు కొనుక్కోవడం కష్టం. ఇది మనుషుల విషయంలోనూ నిజమే.

దుబాసీలు

పాత ప్రాసెసర్‌ని ఇవాళ్టి ప్రపంచంతో మాట్లాడించడానికి రెండు దారులున్నాయి.

మొదటిది చవకైనది. బొమ్మని ప్రాసెసర్ గుండా పంపడం మానెయ్యండి. స్ట్రీమింగ్ పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్‌స్ట్రాక్టర్ అనే చిన్న డబ్బాకి, అక్కణ్ణించి టీవీకి కలపండి. ఆ డబ్బా శబ్దాన్ని విడదీసి ఆప్టికల్ తీగలో ప్రాసెసర్‌కి ఇస్తుంది. నలభై యాభై డాలర్లలో దొరుకుతుంది. ఇందులో మెలిక ఈడీఐడీ. హెచ్‌డీఎంఐలో అవతలి పరికరం "నాకు ఇవి వచ్చు" అని ఒక చిన్న జాబితా పంపుతుంది. దాన్ని చూసే ఇవతలిది ఏం పంపాలో తేల్చుకుంటుంది. మన భాషలో ఏపీఐ ఒప్పందం. టీవీ "నాకు స్టీరియో మాత్రమే వచ్చు" అంటే, మీ పదివేల డాలర్ల ప్రాసెసర్‌కి కూడా స్టీరియోనే దక్కుతుంది. కాబట్టి ఈడీఐడీని 5.1కి మార్చుకునే స్విచ్ ఉన్న ఎక్‌స్ట్రాక్టరే కొనండి. స్ట్రీమింగ్ పెట్టె సెట్టింగుల్లో ఆడియోని డాల్బీ డిజిటల్‌గా పంపమని చెప్పండి.

ఈ దారిలో వచ్చేది కుదించిన శబ్దమే. డీవీడీలో డాల్బీ డిజిటల్ సెకనుకి గరిష్ఠం 448 కిలోబిట్లు, బ్లూ-రేలో 640. డీటీఎస్-హెచ్‌డీ డిస్కయితే దాని లోపలున్న సుమారు 1,500 కిలోబిట్ల మామూలు డీటీఎస్ వస్తుంది. నా చెవులకి మాత్రం, మంచి ప్రాసెసర్లో కుదించిన శబ్దం, నేను అంతకు ముందు వాడిన చవక రిసీవర్లో కుదించని శబ్దం కంటే బాగుంది. ముఖ్యంగా మాటలు. డైలాగు కోసం వాల్యూమ్ పెంచడం, ఫైటు రాగానే తగ్గించడం అనే మా ఇంటి వ్యాయామం ఆగిపోయింది.

రెండో దారి మల్టీచానల్ అనలాగ్. కొన్ని డిస్కు ప్లేయర్లు ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీలని తామే విప్పి, ఆరు లేదా ఎనిమిది ఆర్‌సీఏ తీగల్లో ఇస్తాయి. ఒప్పో యూడీపీ-203, 205 ఇందుకు పేరుపడ్డవి. 2018లో ఒప్పో డిజిటల్ కొత్త ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కనక అవీ ఇప్పుడు సెకండ్ హ్యాండే, పైగా ప్రియం. ఒక జాగ్రత్త: కొన్ని ప్రాసెసర్లు ఈ అనలాగ్ ఇన్‌పుట్‌ని నేరుగా వాల్యూమ్ కంట్రోల్‌కి పంపేస్తాయి. అప్పుడు సబ్‌వూఫర్, దూరాల సెట్టింగులు ప్లేయర్లోనే పెట్టుకోవాలి.

ఏ దారిలో వెళ్ళినా ఆట్మాస్ రాదు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ చూస్తే, నెత్తి మీద స్పీకర్లు ఉన్న ఇంట్లో పైనుంచి వినిపించే శబ్దం మా ఇంట్లో చుట్టుపక్కల స్పీకర్లలోంచి వినిపిస్తుంది. శబ్దం పోదు, దాని చోటు మారుతుంది. ఆ చోటే మీకు ముఖ్యమైతే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి కొత్త రిసీవర్ కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు.

పాటల సంగతి

కిందటేడు నాన్న వచ్చినప్పుడు ఘంటసాల పాటలు పెట్టాను. కాసేపు విని, లేచి, ఒక్కో స్పీకర్ దగ్గరకీ వెళ్ళి చెవి పెట్టి వచ్చి, "ఏరా, ఇన్ని పెట్టెలు పెట్టి మధ్యదానితోనే పాడిస్తున్నావేం?" అన్నారు. ఆ పాటలు మోనో. ఎడమ, కుడి చానళ్ళలో ఒకే శబ్దం ఉంటే లాజిక్ 7 దాన్ని మధ్య స్పీకర్‌కే పంపుతుంది. అదే సరైన పని కూడా. గొంతు ఒకే చోటినుంచి, గదిలో మనిషి నిలబడి పాడుతున్నట్టు వస్తుంది. ఇదంతా చెప్పాక నాన్న, "అయితే మిగతావి దండగ" అన్నారు.

తర్వాత ఎనభైల నాటి ఇళయరాజా స్టీరియో పాట పెట్టాను. గొంతు మధ్యలోనే ఉండి, వయొలిన్లు రెండు పక్కలకీ విచ్చుకుని, వాటి ప్రతిధ్వని కాస్త వెనక్కి జరిగింది. నాన్న ఈసారి లేవలేదు. సినిమా శబ్దం కోసం కొన్న యంత్రం మా ఇంట్లో ఎక్కువగా పాటలకే పని చేస్తోంది. రెండు చానళ్ళ పాటకి హెచ్‌డీఎంఐ అక్కర్లేదు, ఆప్టికల్ తీగ చాలు. పాత ప్రాసెసర్‌కి వయసు అడ్డురాని చోటు ఇదే.

కొనేముందు

పార్సిల్లో తెప్పించుకోకండి, వెళ్ళి విని తెచ్చుకోండి. ఇవి బరువైన పెట్టెలు. రిమోట్, అసలు అట్టపెట్టె, రూమ్ ఈక్వలైజర్ ఉంటే దాని మైకులు ఉన్నాయా చూడండి. లోపలి టెస్ట్ నాయిస్‌తో ప్రతి చానల్‌నీ విడిగా పలికించండి. గంటసేపు ఆన్‌లో ఉంచి, వేడెక్కాక మళ్ళీ పలికించండి. తెర మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. అమ్మే ముందు రీసెట్ చెయ్యొద్దనీ, సెట్టింగులు చూపించమనీ అడగండి. ఇరవై ఏళ్ళు దాటిన ఎలక్ట్రానిక్స్‌లో కెపాసిటర్లకి ఆయుష్షు తీరొచ్చు. నా దానికి ఇప్పటిదాకా ఏ రిపేరూ రాలేదు, కానీ ఏదో ఒకరోజు వస్తుందనుకునే కొన్నాను. పోయినా బాధపడని మొత్తమే పెట్టండి.

ఇండియాకి తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు వెనక వోల్టేజీ చీటీ చదవండి. 120 వోల్టులు మాత్రమే అని ఉంటే అక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

మా ఆవిడ పెట్టిన షరతు మాత్రం ఏ సమీక్షలోనూ కనపడదు. "సినిమా చూడ్డానికి నాకు ఎన్ని రిమోట్లు కావాలి?" జవాబు ఒకటి కావాలి. మన చదువు అక్కడ అక్కరకొచ్చింది. ఆ రోజుల ప్రాసెసర్లకి వెనక ఆర్ఎస్-232 పోర్టు ఉంటుంది. ఎంసీ-12 దగ్గర ఆ పోర్టుకి ఏ బైట్లు పంపితే ఏం చేస్తుందో చెప్పే పత్రం కూడా కంపెనీ ఇచ్చింది. ఒక రాస్బెర్రీ పైని టీవీ హెచ్‌డీఎంఐకి కలిపి, యూఎస్‌బీ-సీరియల్ తీగతో ప్రాసెసర్‌కి కలిపాను. టీవీ ఆన్ అయిన కబురు అందుకుని, ప్రాసెసర్‌ని లేపి, సరైన ఇన్‌పుట్ పెట్టే పైథాన్ ప్రోగ్రాం వంద లైన్లు కూడా లేదు. ఇప్పుడు టీవీ రిమోట్ ఒక్కటే.

ఇంతకీ మిత్రుల ప్రశ్నకి జవాబు: అవును, పాత కంప్యూటర్‌నే కొన్నాను. కానీ మిగతా పాత కంప్యూటర్లలా దీని పని ఏటేటా పెరగలేదు. పాట అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆప్టికల్ పోర్టు ఉన్న ప్లేయర్లు దొరికినంత కాలం దీన్ని ఉంచుకుంటాను. మీకు దగ్గర్లో ఎవరైనా ఇలాంటిది అమ్ముతుంటే, జేబులో ఒక మోనో పాట, ఒక స్టీరియో పాట వేసుకుని వెళ్ళండి. హెచ్‌డీఎంఐ ఉందా అని మాత్రం అడగకండి. లేదని తెలిసే కదా ఆ ధర పెట్టారు.