సత్యభామ ఎక్కిన మూడు వేదికలు

మా బాలాపూర్ పేరు చెప్పగానే ఎవరికైనా వినాయకుడి లడ్డూ గుర్తొస్తుంది. 1994లో రూ.450తో మొదలైన వేలం అది. ఆ వేలాన్ని మనం పాట అనే అంటాం. ‘ఈసారి లడ్డూ ఎవరు పాడారు?’ అని అడుగుతాం. అందులో రాగమూ లేదు, తాళమూ లేదు. మామూలు మాటకన్నా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది, అంతే. మాట ఎక్కడ ఆగాలి, పాట ఎక్కడ అందుకోవాలి? పాత ఒపేరాను కొత్త మ్యూజికల్‌గా మార్చేవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ఇదే.

ఒపేరాలో సాధారణంగా అన్నీ పాడతారు. తలుపు తియ్యమని అడగాలన్నా రాగంలోనే అడుగుతారు. మైకు ఉండదు, వాద్యబృందాన్ని దాటి చివరి వరుస దాకా గొంతే చేరాలి. మ్యూజికల్‌లో పాత్రలు మనలాగే మాట్లాడుకుంటాయి, మాట చాలనప్పుడు పాట ఎత్తుకుంటాయి. ఈ గీత అన్నిచోట్లా ఇంత స్పష్టంగా ఉండదు. ‘మిస్ సైగాన్’ మ్యూజికలే అయినా దాదాపు అంతా పాటే. అయినా మొదలుపెట్టడానికి ఈ తేడా పనికొస్తుంది.

పారిస్‌లో 1875లో బిజే ఒపేరా ‘కార్మెన్’ తొలిసారి ఆడినప్పుడు అందులో మామూలు సంభాషణలు ఉండేవి. బిజే పోయాక ఆయన స్నేహితుడు గిరో వాటి స్థానంలో పాడే సంభాషణలు కూర్చాడు. 1943లో న్యూయార్క్‌లో ఆస్కార్ హామర్‌స్టెయిన్ దాన్ని ‘కార్మెన్ జోన్స్’ చేస్తూ బిజే వరసలు ఉంచి, మాటల్ని మళ్లీ మాటలుగా మార్చాడు. స్పెయిన్ సిగరెట్ ఫ్యాక్టరీ అమెరికాలో యుద్ధకాలపు పారాచూట్ ఫ్యాక్టరీ అయింది. జొనాథన్ లార్సన్ తొక్కిన దారి వేరు. పుచ్చీని ఒపేరా ‘లా బొహీమ్’ వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1996లో, ఆ కథకు తన సంగీతం పెట్టి ‘రెంట్’ తెచ్చాడు. క్షయ ఉన్నచోట ఎయిడ్స్ వచ్చింది. ఒకరు వరసలు నిలుపుకున్నారు, ఒకరు కథను నిలుపుకున్నారు.

మనవాళ్లూ ఈ పని చేశారు. మ్యూజికల్ అనే పేరు పెట్టలేదు, అంతే.

మా ఊరికి వాయవ్యంగా ఉన్న గోల్కొండను ఏలిన తానీషా, కూచిపూడి భాగవతుల ఆట చూసి మెచ్చి ఆ ఊరిని వాళ్లకే అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. వాళ్ల ‘భామాకలాపం’ సిద్ధేంద్రయోగి కూర్చినది. మన ఒపేరా అనదగ్గది అదే. రాత్రి పొడుగునా సాగే ఆట, మగవాళ్లే ఆడవేషాలు కట్టే ఆట. కాగడాల మీద గుగ్గిలం చల్లితే గుప్పున లేచే వెలుగులో పాత్ర రంగం మీదికి వచ్చేది. సత్యభామ ముందు తన జడను తెర మీద వేసేది. తనకన్నా బాగా ఆడి, వాదించి గెలిచేవాళ్లుంటే జడ కోసి ఇచ్చేస్తానని దానర్థం. అంత ధీమాగా వచ్చిన మనిషే కాసేపటికి కృష్ణుడు దూరమై కుమిలిపోతుంది, లేఖ రాస్తుంది. దరువు తర్వాత దరువుగా పాట సాగుతుంది.

కానీ అది పూర్తిగా పాట కాదు. పక్కన మాధవి ఉంది. సూత్రధారుడే ఆ చెలికత్తె అవుతాడు, మామూలు తెలుగులో మాట్లాడతాడు. నీ మొగుడి పేరేమిటో చెప్పమంటుంది మాధవి. పేరు ఎత్తడానికి సత్యభామకు సిగ్గు. ఆ మాటల లాగులాటలో జనం నవ్వుతారు, అంతలోనే భామ పాట అందుకుంటుంది. నవ్వి తేలికైన మనసు మీద ఆ విరహం మరింత బరువుగా పడుతుంది. మాధవి మాటలు లేకపోతే భామ పాటకు నిలబడ్డానికి నేల ఉండదని నా నమ్మకం.

రెండో వేదిక పద్యనాటకం. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1880లలో తెలుగు నాటకంలోకి పాటలు తెచ్చారు. హార్మోనియం వచ్చింది, రంగులు వేసిన తెరలు వచ్చాయి. పద్యం ఒక విచిత్రమైన సాధనం: సంభాషణ అదే, గానమూ అదే. బాగా పాడితే వన్స్‌మోర్ అని కేకలు లేచేవి. కథ ఆగేది, పద్యం మళ్లీ మొదలయ్యేది. ఆ వేదిక మీద సత్యభామ అంటే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు. ముత్తరాజు సుబ్బారావు రాసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో ఆయన తానే ఒక పాట రాసి చేర్చుకున్నారు. ఒకే పల్లవిని ఎన్నో భావాలతో, ఎన్నో రకాలుగా అభినయించేవారు. కలాపంలో రాత్రంతా పరుచుకున్న ఆ గర్వమూ ఆ బేలతనమూ ఇక్కడ ఒక్క పాటలో ఒదిగాయి. పాతదాన్ని కుదించడమంటే ఇదీ అనిపిస్తుంది నాకు. నిడివి తగ్గినా మనసు తగ్గలేదు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1966లో ఆ నాటకం సినిమా అయినప్పుడు జమున సత్యభామ, సుశీల గొంతు. కథతో పాటు ఆ పాటా వెంట వెళ్లింది.

మూడోది వెంపటి చినసత్యం వేదిక. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆడపిల్లలు ఆడవేషాలు వేశారు. ఆయన నృత్యనాటకాల్లో చాలావాటికి ఎస్వీ భుజంగరాయ శర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం. సభకు వచ్చినవాళ్లు రాత్రి ఇళ్లకు వెళ్లాలి కాబట్టి రెండు గంటల్లో ముగించాలి. కూచిపూడి లోకమంతా తిరిగిందంటే ఆ కుదింపు పుణ్యమే చాలావరకు. అయితే నేను చూసిన పొట్టి భామాకలాపాల్లో కత్తెర ముందు మాధవి మీదే పడుతోంది. నాట్యం మిగులుతోంది, మాట తగ్గుతోంది. జడ ఇప్పటికీ తెర మీద కనిపిస్తుంది, కానీ ఆ పందేనికి ఎవరూ రారు. అందమైన ప్రవేశంగా మిగిలింది.

రేపు ఎవరైనా భామాకలాపాన్ని ఇప్పటి నగరానికి తగిన మ్యూజికల్‌గా మార్చదలిస్తే అసలు చిక్కు లేఖ దగ్గర వస్తుంది. లేఖ రాయడానికి సమయం పడుతుంది, ఆ సమయంలోనే పాట ఉంది. దాన్ని ఫోన్‌లో మెసేజ్ చేస్తే క్షణంలో వెళ్లిపోతుంది, పాటకు చోటుండదు. కాబట్టి పాటను రాయడంలోంచి తీసి, పంపాక జవాబు కోసం కూర్చోవడంలో పెట్టాలి. పక్కన మాధవి కచ్చితంగా ఉండాలి. మన బస్తీ మాటల్లోనే ‘ఎవరికి పెట్టినవ్ అక్కా మెసేజ్?’ అని అడగాలి. సత్యభామ ఫోన్ బోర్లించి పెట్టి, ఆ పేరు చెప్పలేక, పాడాలి.