ముప్పై రూపాయల మాత్రకు మూడు వేలు

కరోనా రెండో వేవులో, అంటే 2021 ఏప్రిల్, మే నెలల్లో, మన పావగడ వాళ్లు మందు చీటీలు పట్టుకొని హిందూపురం, తుమకూరు, బెంగళూరు తిరిగింది ఎవరూ మరిచిపోయుండరు. ఆ రోజుల్లోనే బారిసిటినిబ్ అనే మాత్ర పేరు బయటికొచ్చింది. అసలు అది కీళ్లవాతం మందు. ఆక్సిజన్ పెట్టిన రోగులకు రెమ్‌డెసివిర్‌తో కలిపి ఇవ్వొచ్చన్నారు. దాన్ని అమ్మే హక్కు అమెరికా ఎలై లిల్లీ కంపెనీది. దిగుమతి రేటు మాత్రకు 3,230 రూపాయలు. హైదరాబాదు నాట్కో కంపెనీ, మేము 30 రూపాయలకే ఇస్తాము, లైసెన్సు ఇప్పించండి అని పేటెంటు ఆఫీసులో అర్జీ పెట్టింది.

చేసేవాడికి చేతనైనప్పుడు మళ్లీ అర్జీ ఎందుకన్నా అని మా వీధిలో ఒకాయన అడిగినాడు. మిల్లులో డైయింగ్ పని చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమౌతుంది. 1970 చట్టం ప్రకారం మందుల్లో పేటెంటు తయారుచేసే పద్ధతికే, మందుకు కాదు. ఎరుపు రంగు అందరిదీ, నువ్వు ఎక్కించే పద్ధతి మాత్రం నీది అన్నట్టు. ఇంకొకడు వేరే దారిలో అదే ఎరుపు తెచ్చుకోవచ్చు. హైదరాబాదు చుట్టూ అన్ని మందుల ఫ్యాక్టరీలు లేచిందానికి ఆ చట్టం పెద్ద కారణం. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం కోసం 2005లో దాన్ని మార్చినారు. ఇప్పుడు ఎరుపుకే యజమాని ఉన్నాడు, ఇరవై ఏళ్లదాకా.

అయినా తలుపు పూర్తిగా మూయలేదు. మందు జనానికి అందే రేటులో లేకపోతే, పేటెంటు ఇచ్చిన మూడేళ్ల తర్వాత ఇంకొకరికి లైసెన్సు ఇవ్వొచ్చని 84వ సెక్షను. దేశంలో అత్యవసరం అని కేంద్రం ప్రకటిస్తే ఆ మూడేళ్లు కూడా ఆగక్కర్లేదని 92. సర్కారే తన అవసరానికి చేయించుకోవచ్చని 100. పేటెంటు వాడికి ఊరికే పోదు, వాడి వాటా వాడికి కట్టాల.

ఈ కంపల్సరీ లైసెన్సు మన దేశంలో ఇచ్చింది ఒక్కసారే. 2012 మార్చి 9న, అదీ నాట్కోకే. మూత్రపిండాలు, కాలేయం క్యాన్సరుకు బేయర్ కంపెనీ మందు నెలకు 2,80,428 రూపాయలు. మనలో నెలకు వెయ్యి రూపాయల పీఎఫ్ పింఛను తీసుకునేవాళ్లున్నారు కదా, ఆ దుడ్డు ఇరవై మూడేళ్లు దాచిపెడితే ఒక నెల మందు! నాట్కో దాన్ని 8,880కి ఇచ్చింది. బేయర్ సుప్రీంకోర్టుదాకా పోయినా లైసెన్సు నిలబడింది.

మరి కరోనాలో ఏమైంది? 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టే కేంద్రాన్ని అడిగింది, ఈ అధికారాలు వాడే ఆలోచన ఉందా అని. ఈ దశలో వాడితే మేలుకన్నా కీడే ఎక్కువ, అసలు కొరత ముడిసరుకుది అని కేంద్రం జవాబు. ముడిసరుకు మాటలో నిజం లేకపోలేదు. రెమ్‌డెసివిర్‌కైతే హైదరాబాదు హెటెరో లాంటి కంపెనీలకు 2020లోనే అనుమతి ఉండింది, అయినా దొరకలేదు. కానీ బారిసిటినిబ్ సంగతి చూడండి. నాట్కో అర్జీ పెట్టిన కొద్ది రోజులకే లిల్లీ తనంతట తానే సిప్లా, లుపిన్, సన్, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ లాంటి కంపెనీలకు, చివరికి నాట్కోకు కూడా రాయల్టీ లేకుండా అనుమతి ఇచ్చేసింది. నాట్కో అర్జీ వెనక్కి తీసుకుంది. కట్టె ఎత్తితేనే ఇంత జరిగితే, ఆ కట్టె సర్కారు చేతిలో ఉన్నప్పుడు ఇంకెంత జరిగేదో!

ఇది కరోనాతో పోయే మాట కాదు. 92వ సెక్షనులో టీబీ పేరు పెట్టి మరీ రాసి ఉంది. మిల్లు ఇళ్లలో టీబీ తెలియని ఇల్లు ఉందా? మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు 2023 జులైలో ముగిసింది. ఇంకా పొడిగించుకోవాలని కంపెనీ చూస్తే, టీబీ మందుల వల్ల చెవుడు వచ్చిన ముంబయి ఆడపిల్ల నందితా వెంకటేశన్, ఇంకొందరు అడ్డం తిరిగి గెలిచినారు. ఆ మందుకూ సర్కారు ఈ సెక్షను తియ్యలేదు.

ఈ అధికారం కేంద్రానిది. తహసీల్దారు కచేరీకో, విధానసౌధకో పోయి లాభం లేదు. ఓటుకొచ్చినప్పుడు ఎంపీనే అడగాల. మన జిల్లా తుమకూరైనా, మన ఎంపీ చిత్రదుర్గం ఎంపీ, ఆ సంగతి గుర్తుంచుకోండి.