పులికాట్ తీరాన పక్షుల సంసారం

వసంతమంటే మనకు కోయిల కూత, మామిడి పిందెలు, ఉగాది పచ్చడి. సూళ్లూరుపేట చుట్టుపక్కల మాత్రం వసంతమంటే వేలాది పక్షుల సంసారం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క రోజు తీరిక చేసుకొని పిల్లలతో వెళితే ఆ సంసారమంతా కళ్లారా చూసి రావచ్చు. అక్కడ ఏమేం ఉంటాయో, వాటిని ఎలా చూడాలో ఈ పూట చెప్పుకుందాం.

తెల్లవారుతూనే ముందు నేలపట్టుకు వెళ్లండి. దొరవారిసత్రం దగ్గరి చిన్న ఊరది. అక్కడి చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లు, వాటి కొమ్మల నిండా గూడబాతుల గూళ్లు. చుట్టూ నీళ్లుండటం వల్ల నక్కలూ పిల్లులూ ఆ దరికి చేరలేవు. వానలు పడ్డాక అక్టోబరు ప్రాంతంలో వచ్చి గూళ్లు పెట్టుకున్న పక్షులకు ఇప్పటికి పిల్లలు ఏపుగా ఎదిగి ఉంటాయి. తల్లి వాలగానే పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి చేపలు లాక్కుంటుంది. అన్నం తినమంటే ఇల్లంతా పరుగెత్తించే మన పిల్లలకు ఇది తప్పక చూపించాలి!

మరి ఆ చేపలెక్కడివి? చాలావరకు పులికాట్ సరస్సువి. అంటే గూడబాతుకు ఇల్లు మంచినీళ్ల చెరువులో, బజారు ఉప్పునీళ్ల సరస్సులో అన్నమాట.

ఎండ కాస్త తగ్గాక మనమూ ఆ బజారుకు వెళదాం. చిలకా సరస్సు తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు దీని మధ్యగా సాగుతుంది. దారిలో అటకానితిప్ప దగ్గర ఆగి చూడండి. చలికాలం గడిచి నీళ్లు మోకాలి లోతుకు తగ్గి ఉంటాయి కనుక పొడుగు కాళ్ల పక్షులకు ఇప్పుడే విందు.

వాటి ముక్కులు చూస్తే మన వంటింటి సామానే గుర్తొస్తుంది. ఫ్లెమింగోది జల్లెడ. తల తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీళ్లు తోడి, సన్నని రొయ్యపిల్లల్నీ నాచునూ వడకట్టుకుంటుంది. దాని గులాబి రంగు ఆ తిండి వల్ల వచ్చిందే. పుట్టినప్పుడు పిల్లలు బూడిద రంగులోనే ఉంటాయి. తెడ్డుమూతి కొంగది పేరుకు తగ్గట్టు తెడ్డు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో అడకత్తెరకున్నట్టు సందు ఉంటుంది. ఉల్లంకి పిట్టల ముక్కు బురదలో పురుగుల్ని వెతికే దబ్బనం. ఒక్కొక్కరిదీ ఒక్కో పనిముట్టు కాబట్టే ఇన్ని పక్షులు ఒకే పంక్తిలో తగవు లేకుండా తింటాయి.

వెళ్లేటప్పుడు మట్టిరంగు బట్టలు కట్టుకోండి. వీలైతే ఒక దుర్భిణి తీసుకెళ్లండి. పక్షులు ఎగిరితే అందంగా ఉంటుందని పిల్లలు చప్పట్లు కొట్టబోతారు, కొట్టనివ్వకండి. ఉల్లంకి పిట్టల్లో చాలా రకాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరాదిన దూరదేశాలకు తిరిగి వెళ్లాలి. దారిబత్తెంగా ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. ఊరికే ఎగరగొడితే ఆ బత్తెం కాస్తా ఖర్చైపోతుంది. పులిహోర పొట్లాల కాగితాలు కూడా మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.

ఇంకొక్క మాట. ఈ సరస్సుకు కాళంగి వంటి ఏళ్ల నుంచి మంచినీళ్లు, ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు వస్తాయి. రెండూ కలిస్తేనే రొయ్యా, చేపా. మన వైపున్న రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడమే ఇప్పటి పెద్ద కష్టం. పూడిక తీయకపోతే ముందు ఖాళీ అయ్యేది జాలరి ఇల్లాలి చేపలతట్ట, ఆ తర్వాత గూడబాతు సంచి. నేలపట్టులో ఒక్క కొమ్మా నరక్కుండా కాపాడినా, బజారు మూతపడ్డాక ఆ ఇంట్లో కాపురం సాగదు. పక్షుల్ని చూసి మురిసిన పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పండి.