రన్‌వే ఎక్కడుందో శత్రువుకు తెలుసు

వాయుసేన, అంతరిక్షం, దేశరక్షణ విధానం. ఇంత పెద్ద అంశాన్ని శుక్రవారంలోగా ముఖచిత్ర కథనంగా రాసిమ్మన్నారు సంపాదకులు. ఉయ్యూరులో కూర్చుని ఢిల్లీ విధానాలు వల్లెవేస్తే ఎవరు చదువుతారు? పోగేసిన కాగితాల్లో రక్షణశాఖ ఇచ్చిన చిన్న ప్రకటన ఒక్కటే నన్ను పట్టుకుంది.

2024 మార్చి 18న బాపట్ల జిల్లా అద్దంకి దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారి మీద జరిగిన వాయుసేన విన్యాసం గురించిన ప్రకటన అది. సుఖోయ్‌-30 యుద్ధవిమానం ఆ రోడ్డు మీద దిగిందని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. దిగలేదు. సుఖోయ్‌లు, హాక్‌లు దిగుతున్నట్టే కిందికొచ్చి, చక్రాలు ఆనించకుండా పైకి లేచిపోయాయి. దిగి, మళ్లీ ఎగిరినవి ఏఎన్‌-32, డోర్నియర్ రవాణా విమానాలు.

నాకైతే ఆ ఏఎన్‌-32 మీదే మనసు. రోడ్డు మీది కాంక్రీటు పట్టీ పొడవు 4.1 కిలోమీటర్లు, మన గన్నవరం రన్‌వే కంటే ఎక్కువే. వెడల్పు మాత్రం 33 మీటర్లు. ఏఎన్‌-32 రెక్కల కొస నుంచి కొసకు 29.2 మీటర్లు. సరిగ్గా నడిమధ్యన దిగినా ఇటూ అటూ రెండేసి మీటర్లు కూడా మిగలవు. అంచున ఒక్క స్తంభం పాతి ఉంటే అంతే సంగతులు! అందుకే జాతీయ రహదారుల సంస్థ ఆ పట్టీని వాయుసేన కొలతల ప్రకారం కట్టింది.

ఎందుకింత తంటా? విమానాన్ని దాచొచ్చు, రన్‌వేను దాచలేం. దానికి గోతులు పడితే గాల్లో ఉన్న విమానానికి దిగే చోటుండదు, కింద ఉన్నది లేవలేదు. రోడ్డు కూడా రన్‌వే అయితే శత్రువు కొట్టాల్సిన చోట్లు పెరుగుతాయి.

చరిత్ర గబగబా: 1932 అక్టోబరు 8న వాయుసేన పుట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖ, కాకినాడల మీద పడ్డాయి. 1965 యుద్ధంలో కలైకుండ స్థావరంలో మన విమానాలు నేలమీదే కాలిపోయాయి. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ ముందుగా కొట్టింది మన వైమానిక స్థావరాలనే. 2015లో మన మిరాజ్‌-2000 యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద దిగింది. మిగతాది ఇంకో ఆదివారం.

నా అనుమానం ఒకటుంది. విన్యాసానికైతే ముందే చెప్పి ట్రాఫిక్ మళ్లిస్తారు, మా ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లకు మళ్లించినట్టు. యుద్ధం వస్తే ఈ రోడ్డు మీది చెన్నై-కోల్‌కతా లారీలన్నీ ఎంతసేపట్లో పక్కకు తప్పుకుంటాయి? ఇంధనం, ఆయుధాలు, ఫైరింజను ఏ దారిన వస్తాయి? ప్రకటనలో ఆ ఊసే లేదు. విధానం గట్టిదో కాదో తేలేది అక్కడే.

పైనున్న తోడు
వాయుసేన సమాచార అవసరాల కోసం జీశాట్‌-7ఏ ఉపగ్రహం 2018 డిసెంబరు 19న శ్రీహరికోట నుంచి వెళ్లింది. బరువు సుమారు 2,250 కిలోలు.

దివిసీమలో క్షిపణులు
నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి సభలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం సుమారు 1,460 కోట్ల రూపాయలు. ప్రయోగ కేంద్రం, దేశీయ రాడార్లు, టెలిమెట్రీ అన్నీ వస్తాయట. 1977 నవంబరు 19 ఉప్పెన ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన తీరమిది. ఆ రాడార్లు ముందు తుపానుకు తట్టుకోవాలి.