కుళాయి నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

మే నెల మిట్టమధ్యాహ్నం ఏదో పని మీద ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళారనుకోండి. ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు తొట్టె, దానికి రెండు కుళాయిలు, గొలుసుతో కట్టిన ఒక స్టీలు గ్లాసు ఉంటాయి. గడగడా తాగేసి మూతి తుడుచుకొని వచ్చేస్తారు. ఆ గ్లాసెడు నీళ్ళు మీదాకా ఎలా వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా?

గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర మొదలుపెడదాం. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాప్టెన్ ఓర్ పర్యవేక్షణలో దానిని కట్టారు. నది కుడి గట్టున సీతానగరం దగ్గర బయలుదేరిన పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దాకా వచ్చి, అక్కడ పాయలుగా చీలుతుంది. కొమ్మమూరు కాలువ పెదగంజాం వైపు సాగిపోతుంది. నిజాంపట్నం కాలువ తెనాలి మీదుగా సముద్రం వైపు దిగుతుంది. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువలు మాత్రం పాతవే.

ఈ కాలువలను తవ్వింది పొలాలకోసం, పడవలకోసం. కాని రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల వారికి అవే మంచినీటి దారులయ్యాయి. సముద్రానికి దగ్గరగా బావి తవ్వితే చాలా చోట్ల ఉప్పునీరే పడుతుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో మాత్రం ఒక వింత కనిపిస్తుంది. అక్కడి రైతులు లోతులేని గుంటలు తవ్వుతారు. వాటిని దొరువులు అంటారు. వాటిలో ఊరేది తియ్యని నీరు! ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికంటే తేలిక కనుక దానిమీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచిందంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరే ఉంటుందని లెక్క. ఆశపడి గట్టిగా తోడారో, అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుకొని వస్తుంది. అందుకే దొరువులోంచి మెల్లగా, పైపైన తోడుకోవాలి.

కాలువ వచ్చింది కదా, కష్టం తీరిందనుకోకండి. గేదెలు దిగేదీ, బట్టలు ఉతికేదీ ఆ నీళ్ళలోనే. ఎగువ ఊరి మురికి దిగువ ఊరి తాగునీరవుతుంది. కలరా నడిచే బాట అదే. పైగా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోగా ఊరి చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వదిలేదాకా ఆ నీళ్ళే గతి.

మురికినీటితో కలరా వస్తుందన్న సంగతి గొప్ప నగరాలకు కూడా తేలికగా బోధపడలేదు. 1854లో లండన్ లో డాక్టర్ జాన్ స్నో ఒక వీధిపంపు చుట్టూ జరిగిన చావులను లెక్కగట్టి, ఆ పంపు పిడిని తీయించాడు. 1859లో ఆ నగరంలో బాటసారులకోసం మొదటి ఉచిత మంచినీటి కుళాయిని ఒక చర్చి ప్రహరీలో అమర్చారు. కృష్ణ ఆనకట్ట పూర్తయి అప్పటికి నాలుగేళ్ళే!

మరి నీటిని బాగుచేసేదెలా? 1892లో జర్మనీలో దీనికి జవాబు దొరికింది. హాంబర్గ్, ఆల్టోనా పక్కపక్క పట్టణాలు. రెంటికీ ఎల్బ్ నది నీరే. హాంబర్గ్ లో వడకట్టకుండా పంచారు. కలరాతో 8,000 మందికి పైగా చనిపోయారు. ఆల్టోనా తీసుకొనే చోట నీరు ఇంకా మురికిది. అయినా ఇసుకలో వడకట్టినందువల్ల ఆ ఊరు చాలావరకు తప్పించుకొంది.

ఇసుక వడపోత అంటే ఒక పెద్ద తొట్టె. అడుగున కంకర, దానిమీద సుమారు మీటరు మందాన సన్న ఇసుక. చెరువు నీరు గంటకు పది ఇరవై సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతుంది. చిత్రమేమిటంటే కొత్త ఇసుక అంత బాగా పనిచెయ్యదు! కొన్నాళ్ళకు ఇసుకపైన జిగురు పొర కడుతుంది. అందులో కాపురముండే సూక్ష్మజీవులే రోగక్రిములను పట్టి తినేస్తాయి. పొర మరీ మందమై నీరు దిగనప్పుడు పైనున్న ఇసుకను ఒకటి రెండు సెంటీమీటర్లు గీకివేస్తారు. ఆ తర్వాత క్లోరిన్ కలిపి ఓవర్ హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు.

ఇంత శ్రమపడి శుభ్రంచేసిన నీటిని గొలుసు గ్లాసు పాడుచెయ్యగలదు. అందరి పెదవులూ తగిలేది దానికేగా! అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం 1909లోనే ఉమ్మడి గ్లాసును నిషేధించింది. మన చలివేంద్రంలో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగడం ఈ విషయంలో మేలైన పద్ధతే. కాని ఆ దోసిలికి మరో చరిత్ర ఉంది. అంటరానివారని పేరుపెట్టిన మనుషులను చెంబు ముట్టుకోనివ్వకుండా, దూరం నుంచి నీళ్ళు వంచింది కూడా అలాగే. 1927లో మహద్ చెరువు నీరు తాగడానికి డాక్టర్ అంబేద్కర్ వేలమందితో నడచి వెళ్ళవలసివచ్చింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ ధనంతో నడిచే బావినిగాని చెరువునుగాని కులం పేరుతో ఎవరికీ కాదనకూడదు. దోసిలి పట్టడమా, గ్లాసు అందుకోవడమా అన్నది తాగేవాడి ఇష్టం కావాలి.

ఈసారి కుళాయి తిప్పినప్పుడు బ్లీచింగ్ వాసన వస్తే ముఖం చిట్లించకండి. గొట్టాల్లో నీరు ఆగిన వేళల్లో చిన్న పగులున్నా చాలు, పక్కనున్న మురుగు లోపలికి చొరబడుతుంది. దానితో పోరాడటానికి కొంత క్లోరిన్ చివరి కుళాయి దాకా మిగిలి ఉండాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. వాసన మరీ గిట్టకపోతే శుభ్రమైన కుండలో పోసి, పలుచని బట్ట కప్పి కాసేపు ఉంచండి. వాసన తగ్గుతుంది, నీళ్ళూ చల్లబడతాయి.